క్రికెట్ బౌలింగ్ చేసే కుర్రాడు బేస్‌బాల్ ఆడతానంటే

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి పద్నాలుగేళ్లు, ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచి వారాంతాల్లో క్రికెట్ ఆడుతున్నాడు, ఫాస్ట్ బౌలింగ్ బాగా వేస్తాడు. ఆగస్టులో హైస్కూల్‌కి వెళ్తాడు. ఇప్పుడు స్నేహితులతో పాటు స్కూల్ బేస్‌బాల్ టీమ్ ట్రైఅవుట్‌కి, అంటే ఎంపిక పరీక్షకి, వెళ్తానని పట్టుబట్టాడు. బౌలర్ కాబట్టి తేలిగ్గా పిచర్ (బంతి విసిరేవాడు) అయిపోతానని వాడి ధీమా. వాళ్ల నాన్నకి ఇది బొత్తిగా ఇష్టం లేదు, ఇన్నేళ్ల క్రికెట్ ఏమైపోవాలి అంటారు. ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు కోచింగ్, టోర్నమెంట్లు, కాలేజీ కోచ్‌ల కంట్లో పడే ఏర్పాట్లు అన్నీ కలిపి వేల డాలర్ల ప్యాకేజీ చెప్పారు. వాడేమో రాత్రిళ్లు యూట్యూబ్ చూసి రోజుకో రకంగా విసురుతున్నాడు. నాకైతే ఈ ఆట ఓనమాలు కూడా రావు. వాడు ఎక్కడ నేర్చుకోవాలి? నేను ఏం చదివితే స్టాండ్స్‌లో కూర్చున్నప్పుడు కనీసం ఏం జరుగుతోందో తెలుస్తుంది?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు:

అమ్మా, ముందు ఆ ప్యాకేజీ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే సంతకం పెట్టకండి. కాలేజీ ఆటలు చూసే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీ బేస్‌బాల్ కోచ్‌లు హైస్కూల్ పిల్లలకు ఫోన్ చేయడం, మెసేజ్ పంపడం మొదలుపెట్టేది వాళ్లు జూనియర్ ఇయర్‌లోకి, అంటే పదకొండో తరగతిలోకి వెళ్లబోయే ఆగస్టు 1 నుంచి. మీవాడు ఇంకా తొమ్మిదిలోకే రాలేదు. చేతికి గ్లవ్ అలవాటు కాని పిల్లాడిని కాలేజీ కోచ్‌ల కంట్లో పడేస్తామనడం అరచేతిలో వైకుంఠం చూపించడమే. పైగా హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే పిల్లల్లో ఎన్‌సీఏఏ కాలేజీ టీముల దాకా వెళ్లేది నూటికి పదిమంది కన్నా తక్కువ. వెళ్లినవాళ్లలోనూ డివిజన్ 3 కాలేజీల్లో ఆట మీద స్కాలర్‌షిప్ అసలు ఉండదు. ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ టీములు, ప్రైవేటు కోచ్‌లు దండగని నా ఉద్దేశం కాదు. రెండేళ్లు ఆడి, ఏ పొజిషన్‌లో నిలబడగలడో తెలిశాక వాటికి పెట్టే డబ్బుకి అర్థం ఉంటుంది. ఈ ఏడాది మీవాడికి కావాల్సినవాటిలో చాలావరకు ఉచితం, లేదా చవక.

అన్నిటికన్నా మంచి పాఠశాల మీ పక్కనే ఉంది. వాడు చేరబోయే హైస్కూలే. చాలా టెక్సస్ హైస్కూళ్లలో జూన్‌లో అక్కడి కోచ్‌లే కొద్దిరోజుల క్యాంప్ పెడతారు, తొమ్మిదో తరగతిలోకి రాబోయే పిల్లల్ని చేర్చుకుంటారు. ఫీజు ప్రైవేటు అకాడమీలతో పోలిస్తే చిన్నది. అక్కడ నేర్చుకునేది ఎలాగూ ఉంటుంది, అంతకన్నా ముఖ్యంగా రేపు ట్రైఅవుట్‌లో టిక్కు పెట్టే మనిషి మీవాడి పేరు, మొహం గుర్తుపెట్టుకుంటాడు. బేస్‌బాల్ పిల్లలకు బడివేళల్లోనే అథ్లెటిక్స్ పీరియడ్ ఉంటుందా, అందులో చేరాలంటే ఎప్పుడు చెప్పాలి అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి. ఆగస్టులో అడిగితే టైమ్‌టేబుల్ ఖాయమైపోయింది, ఇప్పుడేం చేయలేం అంటారు. ట్రైఅవుట్లు సాధారణంగా జనవరి ఆఖరులో, మ్యాచ్‌లు ఫిబ్రవరి నుంచి. టెక్సస్‌లో స్కూల్ ఆటలన్నీ చూసే సంస్థ యూఐఎల్. వాళ్ల ఫారం మీద డాక్టర్ చేత శారీరక పరీక్ష చేయించి సంతకం తేవాలి, అది లేకుండా మైదానంలోకి అడుగు పెట్టనివ్వరు. మార్కుల నిబంధన కూడా ఉంది. ఏ సబ్జెక్టులోనైనా 70 తగ్గితే సాధారణంగా కనీసం మూడు వారాలు ఆటకి దూరం. 1984 నుంచి అక్కడ అది చట్టమే. చదువు పాడవుతుందేమోనన్న దిగులు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ మాట చెప్పండి.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. మీ ప్రాంతంలో పిల్లలు ఐదేళ్లప్పుడు నిలబెట్టిన బంతిని కొట్టే టీ-బాల్‌తో మొదలుపెడతారు. పద్నాలుగేళ్లకు మొదలుపెట్టినవాడు పెద్ద స్కూల్లో ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి) టీమ్‌లో చోటు తెచ్చుకోవడం కష్టం. అసాధ్యం కాదు, కష్టం. అందుకని ఈ వేసవిలోనూ, సెప్టెంబర్, అక్టోబర్లలోనూ ఏదైనా ఊరి లీగ్‌లో చేర్పించండి. లిటిల్ లీగ్‌లో సీనియర్ విభాగం 13 నుంచి 16 ఏళ్ల వాళ్లది. పోనీ లీగ్‌లో 13–14 వాళ్లకు పోనీ, 15–16 వాళ్లకు కోల్ట్ అని విభాగాలున్నాయి. మీ ఊరి చుట్టుపక్కల ఏది నడుస్తోందో చూసుకోండి. అక్కడ గెలుపోటములు ఎవరూ పట్టించుకోరు, అందరికీ బ్యాటింగ్ దొరుకుతుంది. కొత్తవాడికి కావాల్సింది అదే. యాభై వీడియోల కన్నా పది మ్యాచ్‌లు మేలు.

ఇక బౌలర్ కాబట్టి పిచర్ అయిపోతానన్న ధీమా. దీని మీద ఒక కథ ఉంది. 2008లో మన దేశంలో ఒక పోటీ పెట్టారు. వేగంగా, గురిగా బంతి విసిరేవాడిని వెతికి అమెరికా తీసుకెళ్లి పిచర్‌ని చేయాలని ఉద్దేశం. దేశం నిండా క్రికెట్ బౌలర్లే కదా, ఎవరో ఒక బౌలర్ దొరుకుతాడనే అందరూ అనుకున్నారు. తీరా పోటీలో ముందు నిలిచి పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరేవాళ్లు. అదేమీ వింత కాదు. బౌలర్ పరిగెత్తుకుంటూ వచ్చి, మోచెయ్యి వంపు 15 డిగ్రీలకు మించి విప్పకుండా బంతి వదలాలి. పిచర్ పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద ఒక రబ్బరు పలకకు పాదం ఆనించి, నిలబడ్డచోటు నుంచి ఒక్క అడుగు ముందుకేసి, బాగా మడిచిన మోచేతిని కొరడాలా విప్పుతాడు. భుజం, మోచేయి పడే శ్రమే వేరు. బ్యాటర్ ఉండేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో, బంతి నేలకు తగలకుండా అంత దూరం వెళ్లాలి. చేతిలో బంతి మాత్రం కొంచెం తేలిక. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు.

నన్నడిగితే మీవాడు క్రికెట్ నుంచి తెచ్చుకున్న అసలు ఆస్తి బౌలింగ్ కాదు, ఫీల్డింగ్. గాల్లోకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో మొదటి రెండడుగుల్లో పసిగట్టడం, ఒట్టి చేతులతో క్యాచ్ పట్టిన అలవాటు, బౌండరీ దగ్గర నుంచి వికెట్ల మీదకి విసిరిన అలవాటు, ఇవన్నీ మైదానం దూరపు భాగమైన ఔట్‌ఫీల్డ్‌లో నేరుగా పనికొస్తాయి. టీ-బాల్ నుంచి వచ్చిన చాలామంది పిల్లలకు తల మీదుగా వెనక్కి పోయే బంతిని తరుముకుంటూ పట్టడం రాదు, క్రికెట్ పిల్లలకు వస్తుంది. కోచ్ ఏ పొజిషన్ అని అడిగితే పిచర్ అనొద్దని చెప్పండి. "ఔట్‌ఫీల్డ్ ఆడతాను, మిగతావి నేర్చుకుంటాను" అంటే చాలు. పిచింగ్ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నేర్చుకోవాల్సింది ఎక్కువ ఉన్నది బ్యాటింగ్‌లో. మనవాళ్లు బంతిని ఆపడం, వదిలేయడం, వెనక్కి మళ్లించడం నేర్చుకుని వస్తారు. ఇక్కడ వెనక్కి వెళ్తే ఫౌల్, పరుగుకి పనికిరాదు. ఆపితే బంతి ముందు పడుతుంది, పడగానే పరిగెత్తక తప్పదు, అవుట్ అవుతాడు. మంచి బంతుల్ని వరసగా వదిలేస్తే ఒక్కోటి ఒక స్ట్రైక్, మూడో స్ట్రైక్‌కి అవుట్. దీనికి మందు టీ. అంటే తాగేది కాదు, నడుం ఎత్తున బంతిని నిలబెట్టే రబ్బరు గొట్టం. అది ఒకటి, ఎదురుగా ఒక వల ఉంటే గరాజ్ ముందు రోజూ ఓ అరగంట కొట్టుకోవచ్చు. కొత్తలో క్రికెట్ పిల్లలందరూ చేసే పని ఒకటుంది, గమనించండి. ముందు మోచేయి పైకి లేచి బ్యాట్ నిలువుగా దిగుతుంది. స్ట్రెయిట్ డ్రైవ్‌కి అది అందం, ఇక్కడ బంతి కింద గాలిని కోస్తుంది. టీ మీద కొట్టేటప్పుడు పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి వాడికే చూపించండి. మీరేమీ చెప్పక్కర్లేదు, వాడికే కనిపిస్తుంది.

ఇప్పుడు చేతి సంగతి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన వాక్యం అకాడమీ గురించి కాదు. "రోజుకో రకంగా విసురుతున్నాడు" అన్నది. పద్నాలుగేళ్ల మోచేతిలో ఎదిగే ఎముక చివరలు ఇంకా పూర్తిగా అతుక్కోవు. దేశంలో అన్నిటికన్నా పై ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ సంస్థలు కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని వయసువారీ మార్గదర్శకాలు పెట్టాయి. ఇంటర్నెట్‌లో ఉచితం, ఒక్క పేజీ పట్టిక, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. 13–14 ఏళ్లవాడు ఒక రోజులో 95 పిచ్‌లు (విసిరిన బంతులు) దాటకూడదు. 20 వరకు విసిరితే మర్నాడు మళ్లీ విసరొచ్చు. 21 నుంచి 35 అయితే ఒక రోజు, 50 వరకు అయితే రెండు రోజులు, 65 వరకు మూడు, 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలు వరసగా ఏ రకమైన విసురుడూ ఉండకూడదు. పిచింగ్ చేసిన మ్యాచ్‌లోనే క్యాచర్‌గా (మన వికెట్‌కీపర్ లాంటివాడు) కూర్చోకూడదు. 2017 నుంచి హైస్కూల్ బేస్‌బాల్‌లో ప్రతి రాష్ట్రమూ పిచ్‌ల లెక్కతో పరిమితి పెట్టి తీరాలి. యూఐఎల్‌కి సొంత పట్టిక ఉంది.

కానీ ఆ పట్టికలు రాసినవాళ్లెవరికీ మీ ఇంటి శనివారం క్రికెట్ సంగతి తెలియదు. శనివారం పొద్దున ఎనిమిది ఓవర్లు వేసి, ఆదివారం బేస్‌బాల్‌లో అరవై పిచ్‌లు వేస్తే స్కూల్ కోచ్ లెక్కలో అరవయ్యే పడుతుంది. మిగతా నలభై ఎనిమిది బంతులు ఎవరి పుస్తకంలోనూ ఉండవు. ఫీల్డింగ్‌లో విసిరిన త్రోలు సరేసరి. ఆ లెక్క ఇంట్లోనే రాయాలి. ఒక నోటు పుస్తకం, తేదీ, ఎన్ని బంతులు, మర్నాడు చెయ్యి ఎలా ఉంది. ఇది నాన్నగారికి అప్పగించండి, ఇష్టం లేని ఆటలో ఆయన చేయగలిగే మంచి పని. మోచేయి లోపలివైపు నొప్పి అని వాడు ఒక్కసారి అన్నా సరే, ఐస్ పెట్టి ఊరుకోకుండా విసరడం ఆపించి పిల్లల క్రీడా గాయాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

వేగం పెంచుతామంటూ బరువు బంతులు విసిరించే వీడియోలు వాడు ఈపాటికి చూసే ఉంటాడు. 13 నుంచి 18 ఏళ్ల పిచర్ల మీద చేసిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది. ఆరు వారాల పాటు బరువు బంతులు విసిరిన బృందానికి వేగం మూడు శాతం పైచిలుకు పెరిగింది. అదే బృందంలో సుమారు నాలుగోవంతు పిల్లలకు గాయాలయ్యాయి. మామూలుగా సాధన చేసిన బృందంలో ఒక్కరికీ కాలేదు. మూడు శాతం అంటే గంటకు 70 మైళ్లు విసిరేవాడికి రెండు మైళ్లు. ఆ రెండు మైళ్ల కోసం పద్నాలుగేళ్లప్పుడు పందెం కాయాల్సిన అవసరం లేదు. మోచేతి గాయం గొప్ప పిచర్లకీ తప్పదు. మీ ఇంటి పక్క ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్‌కి ఆడే కుమార్ రాకర్ పేరు వాడికి తెలిసే ఉంటుంది. వాళ్లమ్మ లలిత గారిది భారతీయ కుటుంబం. జార్జియా హైస్కూల్ నుంచి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లి, 2019లో ఒకే మ్యాచ్‌లో 19 మందిని స్ట్రైక్ అవుట్ చేసి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అంతటివాడికీ 2023లో మోచేతి లిగమెంట్ సరిచేసే టామీ జాన్ ఆపరేషన్ అయింది. కోలుకుని మీ ఊరి మైనర్ లీగ్ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి కూడా ఆడి, 2024 సెప్టెంబర్ 12న మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు.

రూల్స్ నేర్చుకునే దగ్గర చాలామంది పిల్లలు దారి తప్పుతారు. టీవీలో చూసేది ప్రొఫెషనల్ ఆట, స్కూల్లో ఆడేది వేరే రూల్ పుస్తకంతో. హైస్కూల్ రూల్ పుస్తకం వేసేది ఎన్ఎఫ్‌హెచ్ఎస్, ఇండియనాపొలిస్‌లో ఉండే జాతీయ సమాఖ్య. దాంతో పాటు కేస్ బుక్ అని ఇంకొకటి వేస్తారు. ఇలా జరిగితే అంపైర్ ఏం చెప్పాలి, అలా జరిగితే ఏం చెప్పాలి అని సన్నివేశాలు, జవాబులు. వాడికి రూల్ బుక్ కన్నా కేస్ బుక్ ఇవ్వండి, పొడుపు కథల్లా ఉంటాయి, కూర్చుని చదువుతాడు. యూఐఎల్ వాళ్ల బేస్‌బాల్ మాన్యువల్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తేడాలు చిన్నవి కావు. హైస్కూల్ మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్, టీవీలో తొమ్మిది. టీవీలో 2023 నుంచి వచ్చిన పిచ్ క్లాక్ చూసి స్కూల్లోనూ ఉందనుకోకూడదు. ప్రొఫెషనల్ ఆటలో బయటికి వెళ్లినవాడు మళ్లీ రాలేడు, హైస్కూల్లో మొదట ఆడిన ఆటగాడు ఒకసారి తిరిగి రావొచ్చు. పిచర్, క్యాచర్ల బదులు బేస్‌ల మీద పరిగెత్తడానికి వేరేవాడిని పెట్టుకోవచ్చు. పిచర్ బాక్ (రన్నర్లను ఏమార్చే నిషిద్ధ కదలిక) చేస్తే హైస్కూల్లో బంతి అక్కడికక్కడే డెడ్, ఆట ఆగుతుంది. సెకండ్ బేస్‌కి ఫోర్స్ ఆటలో (అదేమిటో కింద చెబుతాను) వెళ్లేవాడు ఫీల్డర్ మీదకి జారడం ఇక్కడ నేరం, నేరుగా బేస్ వైపే జారాలి. మీవాడు కొత్తవాడు, ఒడుపులో వెనకబడి ఉంటాడు. రూల్స్‌లో ముందుంటే కోచ్‌కి అది వెంటనే కనిపిస్తుంది.

వీడియోలు మానమనకండి, తగ్గించి ఎంచమనండి. యూఎస్ఏ బేస్‌బాల్ వెబ్‌సైట్‌లో ఉచిత కోర్సులున్నాయి, వాళ్ల మొబైల్ కోచ్ యాప్‌లో వయసుకి తగ్గ డ్రిల్స్ ఉన్నాయి. ఎన్ఎఫ్‌హెచ్ఎస్ లెర్న్ వెబ్‌సైట్‌లో తల దెబ్బలు, వడదెబ్బ మీద కోర్సులు ఉచితం. టెక్సస్ ఎండల్లో ఆడేవాళ్లకు రెండోది తప్పనిసరి అంటాను, వీటిని మీరూ చూడండి. అమెరికన్ బేస్‌బాల్ కోచెస్ అసోసియేషన్ పాడ్‌కాస్ట్‌లో హైస్కూల్, కాలేజీ కోచ్‌లు తమ ప్రాక్టీస్ ఎలా నడుపుతారో చెబుతారు, కారులో వెళ్తూ వినొచ్చు. ఇక యూట్యూబ్‌కి ఒకే షరతు పెట్టండి. నెలకి ఒక్క కోచ్, ఒక్క విషయం. వీడియో చివర్లో ఏదో ఒక పరికరం అమ్మేవాడు అయితే అసలే వద్దు.

మీ సంగతికి వస్తాను. మీరు ఆట నేర్చుకోవడానికి పుస్తకాలు చదవక్కర్లేదు, స్కోరు రాయండి. పది డాలర్ల లోపు స్కోరు పుస్తకం, ఒక పెన్సిల్, రబ్బరు. మైదానంలో తొమ్మిది మందికి తొమ్మిది నంబర్లు. చొక్కా మీద నంబర్ కాదు, నిలబడే చోటుకి నంబర్. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఔట్‌ఫీల్డ్‌లో ఎడమ 7, మధ్య 8, కుడి 9. ఇది వచ్చేస్తే సగం వచ్చినట్టే.

ఒక అర ఇన్నింగ్స్, అంటే ఒక జట్టు బ్యాటింగ్ వంతు, రాసి చూద్దాం. మొదటి బ్యాటర్‌కి పిచర్ స్ట్రైక్ జోన్ (కొట్టదగ్గ బంతి రావాల్సిన చోటు) బయట నాలుగు బంతులు వేశాడు. వాడు కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి నడిచాడు. గడిలో 'బీబీ' (బేస్ ఆన్ బాల్స్) అని రాసి, హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి ఫస్ట్ దాకా గీత గీయండి. బేస్‌లన్నీ చుట్టి మళ్లీ హోమ్‌కి వస్తేనే పరుగు. రెండోవాడు నేలబారు బంతి కొట్టాడు, షార్ట్‌స్టాప్ అందుకుని సెకండ్ బేస్ దగ్గరున్నవాడికి ఇచ్చాడు. వాడు బేస్‌ని కాలితో తొక్కి ఫస్ట్‌కి విసిరాడు. ఇద్దరూ అవుట్. రాసేది 6-4-3. ఇక్కడ క్రికెట్ కళ్లకు ఒక అనుమానం వస్తుంది. రన్నర్‌ని ఎవరూ ముట్టుకోలేదు కదా, ఎలా అవుటయ్యాడు? క్రికెట్‌లో కొట్టినవాడికి పరిగెత్తాలని నియమం లేదు. ఇక్కడ ఉంది. బంతి లోపల పడిందంటే కొట్టినవాడు ఫస్ట్‌కి పరిగెత్తాల్సిందే, ఒక బేస్ మీద ఇద్దరు ఉండకూడదు, కాబట్టి ముందునుంచి అక్కడ ఉన్నవాడు ఖాళీ చేసి సెకండ్‌కి పోవాల్సిందే. అలా తప్పక వెళ్లాల్సిన బేస్‌ని వాడికన్నా ముందు బంతి చేతిలో ఉన్న ఫీల్డర్ తొక్కితే చాలు. దాన్ని ఫోర్స్ అంటారు. వెనక నుంచి తరిమేవాడు లేకపోతే మాత్రం రన్నర్‌ని బంతితో తాకాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే మైదానంలో ఎవరు ఎందుకు ఎటు విసురుతున్నారో తొంభై పాళ్లు తెలిసిపోతుంది. మూడోవాడు మూడో స్ట్రైక్‌ని చూస్తూ నిలబడిపోయాడు. స్ట్రైక్ అవుట్‌కి ఇంగ్లీషు 'కె' అక్షరం రాస్తారు, బ్యాట్ ఊపకుండా అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. మూడు అవుట్లు, ఇక అవతలి జట్టు వంతు.

క్యాచ్ పట్టాక కూడా పరుగు రావడం మనవాళ్లకు ఇంకో వింత. పట్టిన క్షణంలో రన్నర్ తన బేస్ మీద కాలు పెట్టి ఉంటే, ఆ తర్వాత బయల్దేరి వెళ్లొచ్చు. థర్డ్ బేస్ మీద ఉన్నవాడు దూరపు క్యాచ్ మీద హోమ్‌కి రావడం అలాగే. మిగతా చిక్కులు, ఇన్‌ఫీల్డ్ ఫ్లై, క్యాచర్ వదిలేసిన మూడో స్ట్రైక్ లాంటివి ఎదురైనప్పుడు పక్కనున్న తల్లిదండ్రుల్ని అడగండి. స్కోరు పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకు చెప్పడానికి అందరూ సరదా పడతారు. ఇంట్లో మాటలకు అర్థాలు కావాలంటే మేజర్ లీగ్ (ఎంఎల్‌బీ) వెబ్‌సైట్‌లో గ్లాసరీ ఉంది, సులువుగా ఉంటుంది. వసంతంలో ఆ హైస్కూల్ మైదానానికే ఒక సాయంత్రం వెళ్లి ఫ్రెష్‌మన్ మ్యాచ్ చూసి రాయండి. రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి ఇంకోరోజు. ఒక నెలలో ఇంట్లో అందరికన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది.

సామాన్లలో ఒక్కటే జాగ్రత్త, బ్యాట్. హైస్కూల్లో లోహపు బ్యాట్ మీద 'బీబీకోర్' అనే ప్రమాణ ముద్ర ఉండాలి, అది 2012 నుంచి దేశమంతా ఉన్న నియమం. అంగుళాల పొడవుకీ ఔన్సుల బరువుకీ తేడా మూడు దాటకూడదు. 32 అంగుళాల బ్యాట్ 29 ఔన్సులకు తగ్గకూడదన్నమాట. చిన్నపిల్లల లీగుల ముద్రలున్న తేలిక బ్యాట్లు చవగ్గా వచ్చాయని కొంటే స్కూల్లో పనికిరావు. కొత్తవి నాలుగైదు వందల డాలర్లు కూడా ఉంటాయి, వాడిన బ్యాట్ చాలు. గ్లవ్ మాత్రం కొత్తది, కొంచెం మంచిది కొనండి, 12 అంగుళాలకు పైబడినది ఔట్‌ఫీల్డ్‌కి. కుడిచేతి వాటం అయితే గ్లవ్ ఎడమ చేతికి. నవ్వకండి, దుకాణంలో తారుమారుగా కొన్నవాళ్లున్నారు.

జనవరిలో పేరు రాకపోతే? అప్పుడూ తలుపులు మూసుకోవు. టీమ్‌కి స్టూడెంట్ మేనేజర్లు కావాలి. గేమ్‌చేంజర్ యాప్‌లో బంతి బంతికీ స్కోరు ఎక్కించేవాడు దొరికితే కోచ్‌లు వదలరు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లాడైతే బేస్‌బాల్ సావంత్ వెబ్‌సైట్‌లో ప్రతి పిచ్ వేగం, తిరుగుడు దాకా ఉచితంగా దొరుకుతాయి, రెట్రోషీట్ వెబ్‌సైట్‌లో దశాబ్దాల మ్యాచ్‌ల వివరాలు. ఈ లెక్కల పిచ్చివాళ్లంతా కలిసి 1971లో కూపర్స్‌టౌన్‌లో పెట్టుకున్న సంఘం 'సేబర్' ఇప్పటికీ నడుస్తోంది. చాలా ఊరి లీగుల్లో చిన్నపిల్లల మ్యాచ్‌లకు ఈ వయసు వాళ్లనే అంపైర్లుగా పెట్టుకుని కాస్త డబ్బిస్తారు. క్యాచర్ వెనక నిలబడి వందల పిచ్‌లు చూసినవాడికి మరుసటి ఏడు స్ట్రైక్ జోన్ ఎవరూ నేర్పక్కర్లేదు.

నాన్నగారితో గొడవ పడకండి. స్కూల్ సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకానే, వేసవి, శీతాకాలం ముందు నెలలు క్రికెట్‌కి ఖాళీగానే ఉంటాయి, చేతికి విశ్రాంతి నెలలు మాత్రం రెండిటికీ ఉమ్మడిగా లెక్కపెట్టాలి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రెండు ఆటలూ ఉన్నాయి. 2024 టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని ఓడించిన గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం మీకు దగ్గరే, ఆయన వెళ్లే ఉంటారు. అది 2008లో కట్టినప్పుడు బేస్‌బాల్ మైదానం, తర్వాతే క్రికెట్‌కి మార్చారు.

ఈ వారం చేయాల్సిన పని, ఆ హైస్కూల్ హెడ్ కోచ్‌కి ఒక చిన్న ఈమెయిల్. మీరు కాదు, మీవాడు రాయాలి. పేరు, ఇప్పటి స్కూల్, ఇన్నేళ్లు క్రికెట్ ఆడాను, బేస్‌బాల్‌కి కొత్త, ఔట్‌ఫీల్డ్ నేర్చుకోవాలనుంది అని నాలుగు వాక్యాలు. అందులో మూడు ప్రశ్నలు: జూన్ క్యాంప్ ఎప్పుడు, అథ్లెటిక్స్ పీరియడ్‌లో చేరడానికి ఏం చేయాలి, శారీరక పరీక్ష ఫారం ఎప్పటిలోగా ఇవ్వాలి. పంపేముందు మీరు ఒకసారి చదవండి, దిద్దకండి. వారంలో జవాబు రాకపోతే మళ్లీ రాయమనండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోచ్‌లు మ్యాచ్‌ల హడావిడిలో ఉంటారు, పట్టించుకోలేదని అనుకోవద్దు.